స్టిక్కుకు వడదెబ్బ

మా ఆఫీసుకు వచ్చిన టీవీని అట్టపెట్టెలోంచి తీసి, తడిగుడ్డతో తుడిచి, ఎక్కడా గీత పడకుండా గోడకు ఆనించింది రాహేలమ్మే. అది వచ్చింది తన ఉద్యోగానికి ఎసరు పెట్టడానికని అప్పటికి ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆ సంగతి రాసి ఉన్న కాగితం నా బల్ల మీదే పేపర్‌వెయిట్ కింద రెపరెపలాడుతోంది. అయినా నేను నోరు మెదపలేదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే.

మాది ప్రాంతీయ ధ్రువీకరణ కార్యాలయం. మనిషి పుట్టాడనీ, ఫలానా ఊళ్లో ఉంటున్నాడనీ, ఇంకా బతికే ఉన్నాడనీ మేం కాగితం ఇస్తే తప్ప లోకం నమ్మదు. ఊరు రావులకొండ, పల్నాడులో రాళ్లకు కూడా చెమట పట్టే చోటు. రోజూ రెండు వందల మంది వస్తారు. వచ్చినవాళ్లకు నంబరు చీటీ ఇస్తాం. ఆ నంబర్లను వరసగా పిలవడం రాహేలమ్మ పని. పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద, మూడు నెలలకోసారి పొడిగింపుతో పిలుస్తోంది. ఆమె గొంతు హాలు దాటి, సైకిల్ స్టాండు దాటి, రోడ్డవతల టీకొట్టు దాకా వెళ్లేది. "నలభై రెండూ! కొండ్రముట్ల నుంచొచ్చిన తాతా, నిన్నే! టీ తర్వాత తాగుదువుగానిలే, రా!" అంటే తాత గ్లాసు బల్ల మీద పెట్టేసి పరుగున వచ్చేవాడు.

రాజధానిలోని మా ప్రధాన కార్యాలయానికి ఈ పిలుపులు నాగరికంగా తోచలేదు. అందుకని 'దృశ్యమాధ్యమ ఆధారిత క్రమసంఖ్యా ప్రదర్శన పథకం' పెట్టారు. ఆఫీసుకొక టీవీ, దాని వెనక గుచ్చడానికి వేలెడంత నల్ల స్టిక్. అది ఇంటర్నెట్‌లోంచి ప్రధాన కార్యాలయం వారు పంపేదాన్ని పట్టి తెర మీద చూపిస్తుంది. పైభాగంలో మా శాఖ సాధించిన విజయాలు పాటలతో, డాన్సులతో. అడుగున నంబరు. మేం రావులకొండలో నలభై రెండు అని నొక్కితే ఆ నలభై రెండు రాజధానికి వెళ్లి, అక్కడ ఒప్పుకున్నాక, తిరిగి వచ్చి మా గోడ మీద కనిపిస్తుంది. నా బల్ల మీది కాగితంలో చివరి పేరా ఇది: 'పథకము అమలులోకి వచ్చినందున నంబర్లు పిలుచు సిబ్బంది సేవలు మే 31వ తేదీతో ముగియును.'

బిగించే రోజున మా సూపరింటెండెంటు భీమలింగం గారు స్టిక్కును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆయనకు రూల్సు పుస్తకం కంఠతా వచ్చు. పిల్లల పుట్టినరోజులు మాత్రం గుర్తుండవు.

"జేబులో పట్టే ప్రభుత్వ ఆస్తి ఎక్కువకాలం ప్రభుత్వ ఆస్తిగా ఉండదు" అన్నారు.

అందుకని స్టిక్కును టీవీ వెనక గుచ్చి, దానికి మందపాటి తెల్లగుడ్డతో సంచీ కుట్టించి తొడిగారు. పురికొస చుట్టారు. కొవ్వొత్తి మీద లక్క కరిగించి, పరీక్ష పేపర్ల కట్టకు వేసినట్టు నాలుగు చోట్ల సీలు వేశారు. మా అధికారి చక్రధరరావు గారు రిబ్బను కత్తిరించి ఆ గుడ్డ మీద సంతకం చేశారు. అందరం చప్పట్లు కొట్టాం.

మూడో రోజు పదకొండు గంటలకు, డాన్సు మధ్యలో, తెర నల్లబడింది. దాని మీద తెల్లటి అక్షరాలు: 'పరికరం బాగా వేడెక్కింది. చల్లబడే వరకు వేచి ఉండండి.'

"ఏంది సార్, టీవీకి జొరమొచ్చిందా?" అన్నాడు వరసలో ఉన్న ఒకాయన.

రాహేలమ్మ చీపురు పక్కన పెట్టి ముందుకు వచ్చింది. "సారూ, మా ఇంట్లోనూ ఇట్టాంటి పుల్లే ఉంది. సీరియల్ మద్దెలో ఇట్టాగే ఆగిపోయేది. టీవీ వీపుకి అంటుకోకుండా చిన్న వైరు తగిలించి ఏలాడదీస్తే సరిపోద్ది. ముందు ఆ గుడ్డ ఊడబీకండి. ఈ ఎండలకి మనం ఒంటిమీద గుడ్డ భరించలేకపోతన్నాం, మీరేమో దానికి దుప్పటి కప్పి లక్క పోశారు."

భీమలింగం గారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఏం చదువుకున్నావమ్మా?"

"తొమ్మిదండి."

"ఇది సాంకేతిక అంశం. సాంకేతికేతర సిబ్బంది సాంకేతిక అంశాలపై అభిప్రాయం వెలిబుచ్చరాదు. పైగా సీలు విప్పాలంటే, వేసినవారి కంటే ఒక మెట్టు పైనున్నవారి లిఖితపూర్వక ఉత్తర్వు కావాలి."

రాహేలమ్మ తలూపి మళ్లీ చీపురు పట్టుకుంది. అప్పటికి ఆమెకు మే 31 సంగతి తెలిసిపోయింది. తన పొట్ట కొట్టడానికి వచ్చిన టీవీకి తనే వైద్యం చెబుతోంది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు అదే అడిగాను.

"జనం కూచోనున్నారు గదా సారూ" అంది. ముద్ద కలుపుతూనే, "మా పిల్ల నర్సింగు రెండో ఏడు. ఇంకో రెండేళ్లు ఈ గొంతుని ఉండనిస్తే చాలనుకున్నా" అంది. ఆ కాగితాన్ని వారం రోజులు పేపర్‌వెయిట్ కింద దాచినందుకు నిజంగా సిగ్గేసింది.

ప్రధాన కార్యాలయానికి రాశాం. పది రోజులకు జవాబు వచ్చింది: 'సదరు పరికరమును 35 డిగ్రీలకు మించని గదిలో మాత్రమే వినియోగించవలెనని తయారీదారు పుస్తకములో గలదు. మీ హాలు 43 డిగ్రీలు ఉన్నట్లు తెలియుచున్నది. ఇది నిబంధనలకు విరుద్ధము. కారకులను గుర్తించి నివేదించగలరు.'

హాలు నా సెక్షను కిందికి వస్తుంది. కాబట్టి కారకుణ్ణి నేనే. 'హాలును 43 డిగ్రీల వరకు వేడెక్కుటకు ఎందుకు అనుమతించితిరి?' అని నాకు మెమో ఇచ్చారు. 'మే నెల అయినందున' అని జవాబు రాశాను. చక్రధరరావు గారు గదిలోకి పిలిపించారు.

"శివరావు గారూ, మే నెల మన పరిధిలోకి వస్తుందా?"

"రాదండి."

"పరిధిలో లేనిదాన్ని కారణంగా ఎలా చూపిస్తారు? పైవాళ్లు ఒప్పుకుంటారా? మన పరిధిలో ఉన్నదేదైనా చెప్పండి."

ఆలోచిస్తే మా పరిధిలో ఉన్నది ప్రజలు మాత్రమే. ఊరికే కూర్చున్న మనిషి కూడా వంద వాట్ల బల్బంత వేడి విడుదల చేస్తాడని భీమలింగం గారు ఎక్కడో చదివారు. "అంటే మన హాల్లో రోజూ రెండు వందల బల్బులు వెలుగుతున్నాయన్నమాట. విద్యుత్ శాఖ అనుమతి ఉందా?" అన్నారు.

మర్నాటి నుంచి హాల్లోకి పన్నెండు మందినే రానిచ్చారు. మిగతావాళ్లు బయట ఎండలో. టీ ఫ్లాస్కులు నిషేధించారు. కరోనా రోజుల నాటి థర్మామీటరు తుపాకీ ఒకటి బీరువాలో ఉంటే దుమ్ము దులిపి, గుమ్మంలో వచ్చినవాళ్లందరి నుదుటికీ గురిపెట్టారు. తొంభై ఎనిమిది పాయింట్ ఆరు దాటితే ప్రవేశం లేదు.

"పొద్దున్నించీ ఎండలో నిలబెట్టింది మీరు. ఇప్పుడు ఒళ్లు కాలతందని లోపలికి రానీయంది మీరు. కాలక మంచుగడ్డలాగా ఉంటదా?" అని ఒకాయన గొంతు చించుకున్నాడు. మళ్లీ కొలిచారు. పాయింట్ ఆరు పెరిగింది. భీమలింగం గారు ఆ అంకె రాసుకుని, గుమ్మం పక్కన బోర్డు పెట్టించారు: 'కోపముతో నున్నవారు చల్లబడిన పిమ్మట రావలెను.'

ఇంకొకాయన, ఎనభై దాటినవాడు, బతికే ఉన్నాడని కాగితం కోసం వచ్చాడు. ఆయనకు కొలిస్తే తొంభై అయిదే చూపించింది. భీమలింగం గారు ముచ్చటపడి, కుర్చీ వేయించి ఆయన్ని టీవీ పక్కనే కూర్చోబెట్టారు. సాయంత్రం దాకా పంపలేదు. మర్నాడు కూడా రమ్మన్నారు. ఆయన కాగితం ఇచ్చేస్తే మళ్లీ రాడేమోనని దాన్ని ఆపి ఉంచారు.

ఇంత చేసినా టీవీ పదకొండింటికి ఆగుతూనే ఉంది. గుడ్డ సంచీ మీది లక్క మాత్రం మెత్తబడి, చక్రధరరావు గారి సంతకం మీదుగా ఎర్రగా జారింది.

ఆఫీసు మొత్తానికి ఏసీ ఉన్నది ఒక్క అధికారి గదిలోనే. చివరికి టీవీని ఊరేగింపుగా అందులోకి మార్చారు, సీలు చెక్కుచెదరకుండా. లోపల ఇరవై నాలుగు డిగ్రీలు. థర్మామీటరు నిబంధన కూడా హాలును వదిలి ఆ గదికే మారింది. టీవీ మధ్యాహ్నం దాకా ఆడింది. కాకపోతే బయటివాళ్లకు నంబరు కనబడదు.

"పథకం ఉద్దేశం టీవీ పనిచేయుట. ప్రజలు చూచుట అని ఎక్కడా లేదు" అన్నారు భీమలింగం గారు. కానీ జనం ఊరుకోలేదు. తలుపు తీసి పెడదామంటే చలువ బయటికి పోతుంది. ఆ గదికీ హాలుకీ మధ్య గోడలో, రెండు చేతులు పట్టేంత పాత కౌంటరు కిటికీ ఒకటుంది. దాని ముందు కుర్చీ వేసి, 'తెరపై సంఖ్యను చూచి బయటికి తెలుపుటకు, తాత్కాలికముగా' అని రాసి, రాహేలమ్మను కూర్చోబెట్టారు.

ఆమె తెర చూసి, కిటికీలోంచి, "ఇరవయ్యీ!" అంది. చక్రధరరావు గారి చేతిలో ఫైలు కింద పడింది. ఆ గొంతు టీకొట్టు దాకా వెళ్లే గొంతు. నాలుగడుగుల దూరంలో వినడానికి తయారైంది కాదు. రెండు రోజులు చెవుల్లో దూది పెట్టుకుని ఓర్చుకున్నారు. మూడో రోజు ఆయన బల్ల బయటికి వచ్చి నా బల్ల పక్కన, వేడిగాలి తిప్పుతున్న ఫ్యాను కింద స్థిరపడింది. అలా చల్లటి గదిలో టీవీ, రాహేలమ్మా మిగిలారు. హాల్లో మేమిద్దరం చెమటలు తుడుచుకుంటూ సంతకాలు పెట్టాం.

'టీవీ అనుకూల వాతావరణమున నిరంతరాయముగా పనిచేయుచున్నది' అని నివేదిక పంపాం. రాష్ట్రంలో ఆ ముక్క రాసిన ఆఫీసు మాదొక్కటేనట. మే 29న స్వయంగా జాయింట్ డైరెక్టరు హైమవతి గారు తనిఖీకి వచ్చారు.

మండుటెండలో కారు దిగి గుమ్మం ఎక్కగానే భీమలింగం గారు ఎదురొచ్చి, ఆవిడ నుదుటికి థర్మామీటరు గురిపెట్టారు. తొంభై తొమ్మిది పాయింట్ ఒకటి.

"క్షమించాలి మేడం. టీవీ గదిలోకి తమకు ప్రవేశం లేదు."

భీమలింగం గారి పని అయిపోయిందనుకున్నాను. హైమవతి గారు రెండు నిమిషాలు ఆయన్ని ఎగాదిగా చూశారు. "నిబంధనను నాకు కూడా వర్తింపజేసిన మొదటి ఉద్యోగి మీరు. చాలా సంతోషం" అని హాల్లోనే కూర్చున్నారు.

అప్పుడు కిటికీలోంచి నాకు కనబడింది. టీవీ తెర నల్లగా ఉంది. 'బాగా వేడెక్కింది, వేచి ఉండండి.' ఏసీ ఎంత చల్లగా ఉంటే ఏం, స్టిక్కు గుడ్డకప్పుకుని, లక్క పూసుకుని ఉంది కదా.

గొంతు మాత్రం ఆగలేదు. "అరవై మూడూ! నకరికల్లు పిచ్చయ్య!" కాసేపటికి, "అరవై నాలుగూ!" చీటీల దొంతర ఆమె దగ్గరే ఉంది. అరవై మూడు తర్వాత అరవై నాలుగు వస్తుందని తెలుసుకోవడానికి రాజధాని దాకా వెళ్లి రానవసరం లేదు.

హైమవతి గారు చెవి అటు పెట్టారు. "మీ టీవీ మాట్లాడుతోందే! మిగతా ఆఫీసుల్లో మూగగా ఉన్నాయి. ఉచ్చారణ ఎంత స్పష్టంగా ఉంది!"

చక్రధరరావు గారు కిటికీకి అడ్డంగా జరిగారు. "అది... అనుబంధ పరికరం మేడం."

"ఏ కంపెనీ?"

ఏమైందో తెలియదు, ఇరవై రెండేళ్లు కుట్టుకున్న నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఇక్కడే దొరికింది మేడం. పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఒక్కరోజు రిపేరుకు రాలేదు."

"అద్భుతం" అన్నారావిడ. అంతలో కిటికీలోంచి, "గురవమ్మా, ఎండన పడొచ్చావు, కుండలో నీళ్లు తాగి రా. నీ నంబరు యాడికీ పోదు" అని వినిపించింది. హైమవతి గారి నొసలు ముడిపడ్డాయి. "కార్యక్రమంలో లేని మాటలు వస్తున్నాయి. సరిచేయించండి. నంబరూ పేరూ తప్ప ఇంకేమీ పలకకూడదు."

మే 31న రెండు కాగితాలు ఒకే కవరులో వచ్చాయి. మొదటిది: నంబర్లు పిలుచు సిబ్బందిని నేటి సాయంత్రముతో తొలగించవలెను. రెండోది: రావులకొండలోని శబ్ద అనుబంధ పరికరమును స్టాకు రిజిస్టరులో నమోదు చేయవలెను, మూడేళ్ల గ్యారంటీ కాలము ముగియువరకు ఎట్టి పరిస్థితిలోను తొలగించరాదు.

భీమలింగం గారు గంటసేపు రెండు కాగితాలనూ మార్చి మార్చి చూశారు. "మొదటిదాని ప్రకారం ఈ మనిషి ఉండకూడదు. రెండోదాని ప్రకారం ఈ పరికరం పోకూడదు."

"మరెట్లాగండి?"

"ఎట్లాగేమిటయ్యా? రెండూ ఉత్తర్వులే. రెండూ పాటిద్దాం."

అయిదు గంటలకు రాహేలమ్మను ఉద్యోగంలోంచి తీసేశాం. అయిదుంబావుకు స్టాకు రిజిస్టరు నలభై ఒకటో పేజీలో ఎక్కించాం. జీతం అనే మాట కొట్టేసి నిర్వహణ అని రాశాం. తెల్ల పెయింటుతో నంబరు వేయాలన్నారు. ఆమె చీర కొంగు లాక్కునేసరికి కుర్చీ వెనక వేశాం. వినియోగ నిబంధనలు నేనే నా దస్తూరీతో రాసి కిటికీ పక్కన అంటించాను: ముప్పై అయిదు డిగ్రీలకు మించిన చోట ఉంచరాదు, నంబరు, పేరు తప్ప ఇతరములు పలకరాదు.

ఆమెకు అంతా విడమర్చి చెప్పాను. పరికరం అన్నందుకు కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆమె వేరే మాట దగ్గర ఆగిపోయింది.

"మూడేళ్లా సారూ? పంతొమ్మిదేళ్లలో నన్ను మూడు నెలలకి మించి ఎవురూ నమ్మలేదు." కొంగుతో కళ్లొత్తుకుంది. "పిల్ల చదువు అయిపోద్ది."

జూన్ మూడో వారంలో సామగ్రి తనిఖీకి ఆ చల్లటి గదిలోకి వెళ్లాను. టీవీలో మా శాఖ విజయాల డాన్సు హుషారుగా సాగుతోంది. వెనక్కి వెళ్లి చూశాను. గుడ్డ సంచీ ఉంది. నాలుగు లక్క సీళ్లూ ఉన్నాయి. సంచీ అడుగు కుట్టు మాత్రం విప్పి ఉంది, లోపల ఏమీ లేదు. స్టిక్కు జానెడు వైరుకు, జడకు పెట్టుకునే రబ్బరుబ్యాండుతో కట్టి, గాలికి వేలాడుతోంది. ముట్టుకున్నాను. చల్లగా ఉంది.

"ఎప్పటినుంచి ఇట్లా?"

"పెద్ద మేడం వచ్చినరోజు నించే. నంబర్లు పిలుస్తా పిలుస్తానే పుల్లని లాగి, మా ఇంటి నించి తెచ్చిన వైరు తగిలించా. అప్పట్నించీ ఒక్కసారి ఆగితే ఒట్టు."

"బాగైపోయిందని ఎవరితోనూ అనలేదేం? తెలిస్తే టీవీని మళ్లీ హాల్లోకి..." అంటూ నేనే ఆగిపోయాను.

రాహేలమ్మ గోడ మీది కాగితం వైపు చూపించింది. "మొదటిరోజే చెప్పా గదా సారూ, ఎవురన్నా ఇన్నారా? ఇప్పుడేమో నంబరూ పేరూ తప్ప పలకొద్దని మీరే రాసిచ్చారు." అని కిటికీ వైపు తిరిగి, "యాభై ఏడూ! రొంపిచర్ల కోటమ్మా!" అని పిలిచింది.

'సీళ్లు చెక్కుచెదరలేదు. పరికరములు రెండును సక్రమముగా పనిచేయుచున్నవి' అని రాసి సంతకం పెట్టాను. అందులో ఒక్క అబద్ధం లేదు.

బయటికి వచ్చేసరికి హాల్లో నలభై రెండు డిగ్రీలు. చక్రధరరావు గారు తడి తువ్వాలు నెత్తిన వేసుకుని ఉన్నారు.

"లోపల ఎంత ఉందండీ?"

"ఇరవై నాలుగండి."

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. "శివరావు గారూ, స్టాకు రిజిస్టర్లో ఇంకా ఖాళీ పేజీలున్నాయా?"

చాలా ఉన్నాయన్నాను. నలభై రెండో పేజీలో నా పేరు పెన్సిలుతో రాసుకున్న సంగతి మాత్రం చెప్పలేదు.